కన్నీటి సుడి

ఆ ఆదివారం పొద్దున ఫోను మోగేసరికి డాక్టర్ సింధూర కుడిచెయ్యి భుజం దాకా ఒక గుర్రం లోపల ఉంది.

రావిర్యాల దగ్గర ఒక తోటలో ఉండే ఆ గుర్రానికి ముందు రోజు సాయంత్రం నుంచి కడుపునొప్పి. యజమాని ప్లాట్లు అమ్ముకునే మనిషి. డాక్టరును పిలిచే ముందు ఆయన చెయ్యదలచుకున్నవన్నీ చేశాడు. ఇంగువ నీళ్ళు పోయించాడు, రెండు సీసాల బీరు పట్టించాడు, ఫోనులో ఎవరో చెప్పారని తోట చుట్టూ నడిపించాడు. అన్నీ అయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సింధూరకు కబురు పెట్టాడు. ఏమేం తాగించారని అడిగితే మంచినీళ్ళు తప్ప ఏమీ లేదన్నాడు. గుర్రం నోరు మాత్రం కల్లు దుకాణంలా వాసన కొడుతోంది.

రోగం కనుక్కోవడం గుర్రాల డాక్టరుకు సగం పనే. రోగి వెనక నిలబడ్డ మనిషి చేత నిజం చెప్పించడం మిగతా సగం. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న సింధూర ఇబ్రహీంపట్నం పోలీసులకంటే ఎక్కువ అబద్ధాలు విని ఉంటుంది. గుర్రం బతికితే దేవుడి దయ, చస్తే డాక్టరు చెయ్యి. ఈ మధ్యలో, ఎలాగూ వచ్చారు కదా, మా కుక్క కూడా సరిగా తినడం లేదు, ఒకసారి చూసి పోరాదూ అని ఇంకొకటి.

చేతులు ఖాళీగా లేవు కాబట్టి యజమానే ఫోను ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

"అక్కా, జంగా ఆగేటట్టు లేడు," అంది అవతలి నుంచి, మనుషుల దవాఖానలో పనిచేసే డాక్టర్ మంజుల. "సాయంత్రం దాకా కూడా నాకు నమ్మకం లేదు. మనం అనుకున్న జబ్బే అయితే ఇయ్యాల మధ్యాహ్నం లోపల మందు మార్చాలె. మా పెద్ద డాక్టర్‌కు చూపెట్టనీకి ఒక్క ఆధారం కావాలె నాకు. ఒక్కటి దొరికినా చాలు."

సింధూర మెల్లగా చెయ్యి బయటికి తీసింది. గుర్రం పెద్ద శబ్దంతో గాలి వదిలింది. కడుపునొప్పి గుర్రానికి అంతకంటే మంచి కబురు లేదు. యజమాని దండం పెట్టబోయింది మాత్రం ఆకాశానికి. ఆమె చెయ్యి కడుక్కుని, బొటనవేలిని కుర్తాకు రెండుసార్లు గట్టిగా రుద్దుకుని జీపెక్కింది. బొటనవేలు శుభ్రంగానే ఉంది. రెండు నెలలుగా అది శుభ్రంగానే ఉంది, రెండు నెలలుగా ఆమె దాన్ని రుద్దుకుంటూనే ఉంది.

జంగా పెళ్ళి బరాత్‌లలో గుర్రం తోలేవాడు. పున్నమి అనే తెల్ల ఆడగుర్రం అతని సొంతం. బ్యాండు కొడితే నాలుగు కాళ్ళ మీదా గజ్జెలు మోగించి ఆడేది. మన్నెగూడ చౌరస్తా వెనక మహేశ్వర్ అనే బరాత్ కాంట్రాక్టరు తబేలాలో దాన్ని కట్టేసేవాడు, పెళ్ళిళ్ళు మహేశ్వర్ కుదిర్చేవాడు. మాఘమాసంలో అక్కడి గుర్రాలన్నిటికీ రక్తపరీక్షలు జరిగితే పున్నమికి గ్లాండర్స్ అని తేలింది. పైకి ఏమీ కనపడకుండా ఏళ్ళ తరబడి గుర్రంలో దాగి ఉండి, ముక్కు చీమిడితో మనుషులకు కూడా అంటుకునే జబ్బది. గుర్రానికి వైద్యం చెయ్యనివ్వరు, చంపి సున్నం వేసి పూడ్చాల్సిందే. ఆ పని చెయ్యడానికి ఎవరూ ముందుకు రాక చివరికి సింధూర మెడకు చుట్టుకుంది.

ఆమె అంతకు ముందు పున్నమిని చూడలేదు. తబేలాకు ఎప్పుడూ వచ్చే డాక్టరు రమాకాంత్, కాలేజీలో ఆమెకు సీనియరు, గుంత పక్కన నిలబెట్టిన గుర్రాన్ని చూపించి ఇదే అన్నాడు. కళ్ళకు గోనెపట్టా కట్టి ఉంది. సాదినవాడు చావు చూడకూడదని మహేశ్వర్ జంగాకు సీసా చేతికిచ్చి ఇంటికి పంపేశాడు. సింధూర సూది వేస్తూ ఎడమచేత్తో గుర్రం చెంప నిమిరింది. గోనెపట్టా అంచున, ఎడమ కంటి కింద, బొటనవేలికి ఒక చిన్న సుడి తగిలింది. అది తడిగా ఉంది. వెంట్రుకలు అలా సుడి తిరిగిన చోటును గుర్రాలవాళ్ళు కన్నీటి సుడి అంటారు. అపశకునమంటారు. గుర్రం కూలిపోయాక కూడా ఆమె బొటనవేలు అక్కడే ఉంది. ఆ తడి అప్పటినుంచీ పోలేదు.

ఇప్పుడు జంగా ఒంటి నిండా పుండ్లతో, చీము పట్టిన ఊపిరితిత్తులతో సాగర్ రోడ్డు మీది ఒక ప్రైవేటు దవాఖానలో పడి ఉన్నాడు. చూడగానే మంజులకు అనుమానం వచ్చి సింధూరను పిలిచింది. కానీ రమాకాంత్ అంతకు ముందే వచ్చి పెద్ద డాక్టరుతో మాట్లాడి వెళ్ళాడు. గుర్రం చచ్చి రెండు నెలలైంది, అప్పుడు జంగా రక్తంలో ఏమీ లేదు, ఇన్నాళ్ళకు ఆ జబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాడు. లెక్క ప్రకారం అతనన్నదాంట్లో తప్పు లేదు. ప్రయోగశాల జవాబు రావడానికి ఇంకా రోజులు పడుతుంది. మార్చాల్సిన మందు కిడ్నీల మీద పడుతుంది. జంగా కిడ్నీలు ఇప్పటికే సగం చేతులెత్తేశాయి. ఊహ మీద ఆ మందు ఎక్కించనని పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు.

దవాఖాన వరండాలో జంగా భార్య బాలనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సింధూరను చూసి లేవలేదు.

"మల్ల ఎందుకొచ్చినవ్? దానికిచ్చిన సూదే ఈయనకు గూడ ఇస్తవా?"

సింధూర పక్కనే నేల మీద కూర్చుంది.

"నువ్వు చంపితివి, గది ఊకుంటదా?" అంది బాలనర్సమ్మ, గొంతు పెంచకుండానే. "వచ్చి ఈయనను తోలుకపోతున్నది. మొదటి దినం కెల్లి నాకు ఎరికనే. ఈయననే నవ్వుకుంట చెప్పిండు, పున్నమి వచ్చిందని."

దయ్యాలు లేవని చెప్పడానికి సింధూరకు నోరు రాలేదు. రెండు నెలలుగా ఏ గుర్రం మొహం పట్టుకున్నా ఆ సుడే చేతికి తగులుతున్నట్టు ఉలిక్కిపడుతున్న మనిషి, ఎదుటి మనిషికి ఏ మొహంతో ధైర్యం చెబుతుంది? అందుకే, దయ్యం ఉందనే ఒప్పుకుని ప్రశ్నలు వేసింది. ఎక్కడ కనబడింది, ఎప్పుడు, ఎవరెవరు చూశారు.

బాలనర్సమ్మ ఒక్కొక్కటే చెప్పింది. పున్నమి పోయాక జంగా మహేశ్వర్ దగ్గరే జీన్లు తుడిచే పనికి కుదిరాడు. తబేలా వెనక కొత్తగా వేసిన రేకుల కొట్టం దగ్గర చచ్చిన గుర్రం సకిలిస్తోందని మహేశ్వరే అందరికీ చెప్పాడు, పనివాళ్ళెవరూ అటు పోవడం లేదు. జంగా మాత్రం పోయాడు. పది పన్నెండు దినాల కింద ఇంటికొచ్చి, మాఘం తర్వాత మొదటిసారి కడుపు నిండా తిన్నాడు. అది గుటక వేసిన చప్పుడు విని లోపలికి పోయానని చెప్పాడు. పున్నమికి ముందు నుంచీ ఒక పాడు అలవాటు, కొయ్యను పళ్ళతో పట్టుకుని గాలి గుటకలు మింగుతుంది. ఆ గుటక అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు. చీకట్లో దాని మెడ దొరికిందట. ఆ తర్వాత రోజూ దీపాలు పెట్టే వేళకు పోయేవాడు.

"భుజం మీద గదుమ పెట్టిందట. ఊపిరి యెచ్చగనే ఉన్నది బాలనర్సూ, దయ్యమై గూడ నన్ను మరువలే అన్నడు. ముక్కు గారుతుంటె తుడిచి వచ్చిండట."

సింధూర బొటనవేలు కుర్తా మీద ఆగిపోయింది. "దేంతో తుడిచాడు?"

"తువ్వాలతోటి. గీ ఇబ్రహీంపట్నం అంగట్ల ఉగాది దాటినంక నేనే కొన్న." బాలనర్సమ్మ సంచిలో చెయ్యి పెట్టబోయింది. "వాసన జూస్తె పున్నమి వాసనే. అందుకే ఉతకలే, ఆయన తలకాయ కింద పెడుతున్న."

సింధూర ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. గ్లౌజులు తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని తువ్వాలను తనే తీసింది. కొత్త తువ్వాల, రంగు ఇంకా వెలవలేదు. ఒక అంచు అట్టలా గట్టిపడి ఉంది. తేనె రంగు చీమిడి ఎండి, మధ్యలో రెండు తెల్ల వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. పున్నమి చచ్చింది మాఘంలో. ఈ తువ్వాల కొన్నది ఉగాది తర్వాత.

"దయ్యానికి చీమిడి కారదు, అక్కా," అంది మెల్లగా.

బాలనర్సమ్మకు అర్థం కాలేదు. అర్థమైన సింధూరకు మాత్రం దయ్యమైతేనే నయం అనిపించింది. మంజులను పిలిచి, తువ్వాలను సంచిలో కట్టి ఇచ్చి, బాలనర్సమ్మ చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించమని, ఆమె రక్తం కూడా తీయమని చెప్పింది. మంజుల తువ్వాలను చూసి ఇది సగం ఆధారమంది. పట్నంలో చీమిడి కారే గుర్రాలు బోలెడు, ఇది ఏదో మామూలు జలుబు గుర్రందని రమాకాంత్ అంటే పెద్ద డాక్టరు దగ్గర తన మాట నిలవదు. ఆ జబ్బు తేలిన గుర్రం బతికుందని తేల్చాలి.

"మధ్యాహ్నం దాకా ఆపు," అంది సింధూర.

మహేశ్వర్ తబేలాలో మనుషులు లేరు. వైశాఖం, ముహూర్తాల రోజు, గుర్రాలన్నీ పెళ్ళిళ్ళకు పోయాయి. గుర్రాలను చూసుకునే హన్మంత్ అనే ముసలి సాయీసు ఒక్కడే పేడ ఎత్తుతున్నాడు. సింధూర గతంలో అతని కాలి పుండుకు కట్టు కట్టింది, గుర్రాల మందుతోనే. ఆ కృతజ్ఞత కొద్దీ లోపలికి రానిచ్చాడు కానీ వెనక కొట్టం పేరెత్తగానే పార కింద పెట్టేశాడు.

గుర్రాలు కట్టేసే వరసలో ప్రతి గుంజకూ ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయల దండ వేలాడుతోంది. చివరి గుంజకు మాత్రం పాతవీ కొత్తవీ కలిపి దండల గుత్తి ఉంది. నల్లతాళ్ళు, ఒక పాత లాడం, ఎండిన గుమ్మడికాయ ముక్క. దాని కింద నేల పొడిగా ఉంది, సాలెపురుగు గూడు కట్టుకుంది.

అక్కడ ఏ గుర్రం ఉండేదని అడిగింది.

"గది ఏడుపుదాని జాగ," అన్నాడు హన్మంత్. "తెల్లదే, మంచి గుర్రమే పాపం. కంటి కింద కన్నీటి సుడి. గసుంటిదాని మీద పెండ్లిపిలగాన్ని ఎవరు కూసుండబెడ్తరు? ముసలోళ్ళు బరాత్ కాడ ముందుగాల్ల సుడే జూస్తరు. గడ్డి దండగని మహేశన్న రోజు తిడుతుండె. అమ్మేసినమన్నడు."

"ఎప్పుడు?"

హన్మంత్ గడ్డం గోక్కున్నాడు. "పున్నమి సచ్చిన కాడికెల్లి కనబడలే."

కంటి కింద సుడి ఉన్న తెల్ల గుర్రం, పున్నమి చచ్చినప్పటి నుంచీ లేదు. ఆ ఆలోచనను పూర్తిగా ఆలోచించడానికి సింధూరకు అప్పుడు ధైర్యం చాలలేదు. ముందు వెనక కొట్టం చూడాలనుకుంది.

రేకుల కొట్టం లోపల పగలే చీకటి. మాస్కు కట్టుకుని, టార్చి వేసి అడుగు పెట్టింది. లోపల గుర్రం లేదు. అయినా ఎవరో ఇప్పుడే మెడ తిప్పి చూసినట్టు అనిపించింది. ఒక మూల నుంచి చిన్న గుటక చప్పుడు వచ్చింది. అది నీళ్ళ డ్రమ్ములో పంపు చుక్క పడ్డ చప్పుడని తెలిసేసరికి తన మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపమే కాళ్ళకు బలమిచ్చింది.

గడ్డి తొట్టికి అడ్డంగా కొత్త యూకలిప్టస్ కర్ర కట్టి ఉంది. గుర్రం మెడ ఎత్తులో దాని మీద పళ్ళ గాట్లు, వరసగా, ఒకదాని మీద ఒకటి. కొన్ని చోట్ల కొయ్య ఇంకా పచ్చిగా, తడిగా ఉంది. కొరికి గాలి మింగే గుర్రమే ఇలా కొరుకుతుంది. పక్క రేకు మీద, ముక్కు తగిలే ఎత్తులో, తేనె రంగు మరకలు. పేడ ఇంకా ఆరలేదు. గడప దగ్గర గోరింటాకు గిన్నె, తెల్ల వెంట్రుకలు చుట్టుకున్న దువ్వెన, తెగిపోయిన ముత్యాల సరం. ఆ పొద్దునే ఎవరో ఇక్కడ ఒక గుర్రాన్ని పెళ్ళికి ముస్తాబు చేశారు.

అన్నిటికీ ఫొటోలు తీసుకుని బయటికి వచ్చేసరికి రమాకాంత్ కారు గేటులో ఉంది. ఇస్త్రీ నలగని చొక్కా, చేతికి ఒక్క మరక లేదు. అతను గుర్రాలకు వైద్యం చేస్తాడని చెబితే తప్ప తెలియదు. హన్మంత్ ఆమె కళ్ళలోకి చూడకుండా ఫోను జేబులో వేసుకుని, పారతో ఎటో తప్పుకున్నాడు.

"మహేశ్వర్ ఫోన్ చేశాడు. తబేలాలో ఎవరో దయ్యాన్ని వెతుకుతున్నారని," అన్నాడు రమాకాంత్. "నువ్వని అనుకోలేదు సింధూరా. రావిర్యాల కేసు కూడా నాదే, తెలుసుగా? రాత్రి నేను రాలేనంటే నిన్ను పిలిచారు. నా కేసులు తీసుకుంటే తీసుకున్నావు, నా తబేలాలో తవ్వకాలెందుకు?"

"జంగా చచ్చిపోతున్నాడు."

"దానికి మనుషుల డాక్టర్లున్నారు. నీ మనసు నాకు తెలుసు. ఆ గుర్రాన్ని చంపినప్పటి నుంచీ నువ్వు మనిషివి కావు. ఈ వృత్తిలో చెయ్యి వణికేవాళ్ళు ఉండకూడదు."

అతని గొంతులో జాలి ఉంది. దాన్ని విని సింధూరకు పళ్ళ దాకా కోపం వచ్చింది, అయినా దిగమింగుకుంది. పన్నెండేళ్ళలో గుర్రాలవాళ్ళ చేత నిజం చెప్పించడానికి ఆమె నేర్చిన ఉపాయం ఒకటే. గద్దిస్తే అబద్ధాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. తప్పు మనదేనని తలొంచితే, మనకు పాఠం చెప్పే తొందరలో నిజాన్ని జారవిడుస్తారు.

ఆమె తలొంచుకుంది. "మీరన్నది నిజమే. నాకు నిద్ర పట్టడం లేదు. వేరే గుర్రాన్ని చంపానేమోనని పీడకలలు. తెల్ల గుర్రాలన్నీ ఒకేలా ఉంటాయి, పైగా కళ్ళకు గంతలు. ఆ రోజు నా చేతి కింద పోయింది పున్నమేనని మీకెలా తెలుసు? అది ఒక్కటి చెప్పండి, ఇంటికి పోతాను."

రమాకాంత్ మొహం మెత్తబడింది. అతను పాఠం చెప్పేవాడిలా ఒక వేలు ఎత్తాడు.

"తెల్ల గుర్రానికి మచ్చలుండవు, సుడులే గుర్తు. ఎడమ కంటి కింద సుడి ఉంది, నేను స్వయంగా చూసి చెప్పాను. నీ చేతికి తగిలే ఉంటుంది. అదే పున్నమి. ఇక వెళ్ళి పడుకో."

"ఎడమ కంటి కింద," అంది సింధూర.

"ఎడమ కంటి కింద."

ఆమె ఫోను తీసి మంజులకు కలిపి, స్పీకరు నొక్కి, అక్కడ కూడా స్పీకరు పెట్టి ఫోను బాలనర్సమ్మకు ఇవ్వమంది. అవతల వరండాలో ఎవరివో చెప్పుల చప్పుడు, మందుల బండి చక్రాల చప్పుడు, తర్వాత బాలనర్సమ్మ ఊపిరి వినిపించాయి.

"అక్కా, పున్నమికి కంటి కింద సుడి ఉండేదా?"

"ఏం మాట డాక్టరమ్మా అది?" బాలనర్సమ్మ గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "పెండ్లిళ్ళకు తిరిగే గుర్రాన్ని సుడి సూడకుంట కొంటరా? మా మామ ఒళ్ళంత తడిమి జూసినంకనే పైసలిచ్చిండు. నొసట నడిమిట్ల ఒక్కటే సుడి, బొట్టు పెట్టినట్టు. కన్నీటి సుడిదాన్ని మా వాకిట్లకు గూడ రానియ్యం."

రమాకాంత్ ఎత్తిన వేలు ఇంకా దించలేదు. ఏడుపులో ఉన్న మనిషి ఏదో అంటుందని మొదలుపెట్టాడు. మాట సగంలో ఆగిపోయింది.

"ఆ ఏడుపుదాన్ని ఎవరూ ఎక్కరు, ఎవరూ కొనరు," అన్నాడు చివరికి, ఆమెను కాకుండా గుంజలను చూస్తూ. "ఎలాగూ దానికి గతి లేదు. పున్నమి తింటోంది, ఆడుతోంది, వెంట్రుక కూడా రాలలేదు. పరీక్షలు తప్పడం నువ్వు చూడలేదా? సీజను మధ్యలో ఆడే గుర్రాన్ని గుంతలో వెయ్యమంటే మహేశ్వర్ ఒప్పుకోలేదు. పేరు పున్నమిది, ప్రాణం దానిది. ఎవరికీ నష్టం లేదనుకున్నాం."

ఏ జబ్బూ లేని గుర్రం. వెంట్రుకలు తిరిగిన తీరు తప్ప ఏ తప్పూ లేని గుర్రం. దాని చెంప నిమురుతూ, ఏం కాదు తల్లీ అని చెబుతూ, సింధూర తన చేత్తో చంపింది. రెండు నెలలుగా బొటనవేలిని పట్టుకుని వదలనిది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రమాకాంత్ ముందు వాటిని తుడుచుకోవాలనిపించలేదు.

"మంజులా, విన్నావా?"

"విన్న అక్కా. మా పెద్ద డాక్టర్ గూడ ఇక్కడనే ఉన్నరు, విన్నరు." అవతల ఏదో మాటల చప్పుడు. "మందు మారుస్తున్నం. ఆయన నిలబడతడో లేదో చెప్పలేను. కానీ ఇప్పుడు తెలిసి కొట్లాడుతున్నం."

ఫోను పెట్టేసి ఆమె హన్మంత్‌ను కేకేసింది. ముసలివాడు నీళ్ళ తొట్టి వెనక నుంచి వచ్చాడు. అన్నీ విన్నాడు, మొహం మట్టి రంగుకు తిరిగింది. పొద్దున మహేశ్వర్ వెనక వైపు నుంచి ముత్యాల ముసుగు కట్టిన తెల్ల గుర్రాన్ని తీసుకుపోతుంటే అద్దెకు తెచ్చిందనుకున్నానని, కొంగరకలాన్ తొవ్వలో ఫంక్షన్ హాలుకు పోయాడని చెప్పాడు. ముహూర్తం మధ్యాహ్నానికే కాబట్టి బరాత్ ఈపాటికి గేటు కాడికి చేరి ఉంటుందన్నాడు.

రమాకాంత్ ఆమె జీపుకు అడ్డం వచ్చాడు. పెళ్ళిలో గొడవ చేస్తే మహేశ్వర్ ఊరుకోడని, తన డిగ్రీ సంగతి కూడా ఆలోచించమని, సోమవారం కూర్చుని మాట్లాడుకుందామని అన్నాడు. సింధూర జీపును వెనక్కి తీసి అతని పక్క నుంచి పోనిచ్చింది. దారిలో పోలీసులకు ఫోన్ చేసింది. గ్లాండర్స్ అంటే ఏమిటని అవతలివాళ్ళు రెండుసార్లు అడిగారు. గుర్రానికి జలుబు చేస్తే మేమేం చేస్తాం మేడమ్ అని మూడోసారి అన్నారు. ఆమె ఓపిక పట్టి, మనిషి చచ్చే జబ్బు, పెళ్ళిమంటపం గేటు దగ్గర ఉంది, రండి అని చెప్పింది.

ఫంక్షన్ హాలు బయట బ్యాండు చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. బరాత్ గేటుకు చేరిపోయింది. పెళ్ళికొడుకు అప్పటికే గుర్రం దిగాడు. అరటిచెట్లు కట్టిన స్వాగత ద్వారం పక్కన తెల్ల గుర్రం ముత్యాల ముసుగుతో, గోరింటాకు పెట్టిన కాళ్ళతో నిలబడి ఉంది. మహేశ్వర్ కళ్ళెం పట్టుకుని జనంతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బ్యాండు ఒక్క క్షణం తాళం మార్చింది. ఆ సందులో గుర్రం ద్వారం గుంజను పళ్ళతో పట్టుకుంది, మెడ వంచింది, గుటక వేసింది.

దయ్యం గుటక పట్టపగలు, అంతమంది మధ్యలో, సింధూరకు స్పష్టంగా వినిపించింది.

జనాన్ని తోసుకుంటూ పోయింది. పెళ్ళివారి మనిషనుకుని ఎవరో, వదినా, నెమ్మదిగా అన్నారు. మహేశ్వర్ ఆమెను గుర్తుపట్టి నవ్వు ఆపాడు. అతను కళ్ళెం లాగే లోపల ఆమె గ్లౌజు వేసుకున్న చేత్తో ముత్యాల సరాలు పక్కకు తప్పించి, ఎడమ కంటి కింద బొటనవేలు పెట్టింది. నున్నగా ఉంది. అక్కడ ఏ సుడీ లేదు. పున్నమి ఆమె వంక శాంతంగా చూసింది. ముక్కు నుంచి తేనె రంగు తీగ ఒకటి సాగి గోరింటాకు కాళ్ళ మీద పడింది.

దూరం జరగండి అని అరుస్తూ ఆమె వెనక్కి తిరిగింది. బ్యాండు మళ్ళీ అందుకుంది, ఆమె అరుపు అందులో కలిసిపోయింది.

పెళ్ళికొడుకు చేత గుర్రానికి బెల్లం తినిపించి ఫొటో తీయడం ఈ మధ్య మొదలైన ముచ్చట. ఆమె ఆ గుంపులోకి వచ్చే లోపలే పెళ్ళికొడుకు తినిపించడం అయిపోయింది. అతని అక్కాచెల్లెళ్ళు, పిల్లలు, అరచేతుల్లో బెల్లం ముక్కలు పట్టుకుని తమ వంతు కోసం వరసగా నిలబడి ఉన్నారు. వరస మొదట్లో పెళ్ళికొడుకు, తడిసిన అరచేతిలో గుర్రం కొరికి వదిలిన సగం ముక్కతో కెమెరా వంక చూస్తున్నాడు. సగం దానికి, సగం మీకు అని ఫొటోగ్రాఫరు ఎవరో నేర్పినట్టు చెబుతున్నాడు.

పెళ్ళికొడుకు సిగ్గుపడుతూ ఆ సగం ముక్కను నోట్లో వేసుకున్నాడు. ఫొటో సరిగా రాలేదని, ఇంకో ముక్కతో ఇంకోసారి చెయ్యమని ఫొటోగ్రాఫరు అడుగుతున్నాడు.